అడవిలో రాక్షసుడు ఎవరు?

రాయగడ తెలుగు ఇళ్లలో పుస్తకాల బీరువా తెరిస్తే తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పక్కపక్కనే కనిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ జయపురం జమీందారీ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాతో కలిసి ఉండేది. 1992లో కొరాపుట్ నుంచి విడిపోయి రాయగడ జిల్లా అయింది. సరిహద్దులు మారినా ఇక్కడి తెలుగువాళ్ల చదువు ఆగలేదు.

ఈ సంవాదం ఇద్దరు పాఠకులది. మామయ్య బడిపంతులుగా పనిచేసి రాయగడలో విశ్రాంతిగా ఉంటున్నారు. మేనకోడలు కొరాపుట్‌లో కాలేజీ పిల్లలకు పాఠం చెబుతుంది. ఈ పదేళ్లలో పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు ఫాంటసీ నవలల్ని ఆమె కొని చదివి ఆయనకు ఇస్తుంది. ఇద్దరూ చదివేది ఒకే పుస్తకం, తేల్చే తీర్పు మాత్రం ఒకటి కాదు.

మామయ్య: నువ్విచ్చిన పుస్తకాల్లో ముందు బరువు సంగతి తేల్చుకుందాం. బ్రాండన్ శాండర్సన్ 2024 డిసెంబరులో తెచ్చిన ‘విండ్ అండ్ ట్రూత్’ పదమూడు వందల పేజీలు దాటింది. అది ఐదో భాగం. మొత్తం పది భాగాలట. 2010లో మొదలుపెట్టిన కుర్రాడికి ఇప్పుడు బడికెళ్లే పిల్లలుంటారు. కథంటే ఒక మనిషి ఆయుష్షులో ఇమడాలి కదమ్మా.

మేనకోడలు: పొడవు మనకు కొత్తేం కాదు మావయ్యా. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు. మీ నాన్నగారు వాటిని వరసపెట్టి చదివారని మీరే చెప్పారు.

మామయ్య: చదివారు. కానీ అవి మజిలీలు. మణిసిద్ధుడు, గోపడు ఒక ఊళ్లో దిగుతారు, గోపడు ఓ వింత చూసి అడుగుతాడు, సిద్ధుడు కథ చెబుతాడు, ఆ కథ అక్కడికి ముగుస్తుంది. కడుపు నిండాక మర్నాడు నడక. ఇప్పటి నవలలు ఆకలి పెంచుతాయే గాని విస్తరి వేయవు. ఐదో భాగం చివర కూడా ఆరో భాగానికి రమ్మంటారు. జార్జ్ మార్టిన్ సంగతి చూడు. 2011లో ఐదో పుస్తకం వేశాడు, ఆరోదాని కోసం పాఠకులు అప్పట్నుంచి కాచుకునే ఉన్నారు.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. ముగించడం రచయిత బాధ్యత. కానీ మీ అసలు ఫిర్యాదు పొడవు మీద కాదనుకుంటా.

మామయ్య: కాదు. నా ఫిర్యాదు మాయ మీద. శాండర్సన్ 2007లోనే ఒక సూత్రం పెట్టాడు. మాయతో చిక్కుముడి విప్పాలంటే ఆ మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందే అర్థమై ఉండాలని దాని సారం. అప్పట్నుంచి అందరూ మాయకు లెక్కలు కడుతున్నారు. ఏ లోహం మింగితే ఏ బలం వస్తుంది, ఏ ప్రమాణం చేస్తే ఎన్నో మెట్టు ఎక్కుతాడు అని పట్టికలు. ఇంత వివరంగా తెలిశాక అందులో ఆశ్చర్యం ఏం మిగిలింది?

మేనకోడలు: న్యాయం మిగిలింది. కథకుడు తనకు తోచినప్పుడు దేవుణ్ణి దింపి కథానాయకుణ్ణి గట్టెక్కించకుండా ఆ నియమం కాపలా కాస్తుంది. అయినా నియమం మన కథల్లోదే మావయ్యా. భేతాళుడి షరతు గుర్తు తెచ్చుకోండి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇంతకంటే కట్టుదిట్టమైన నియమం ఏ ఇంగ్లీషు నవల్లో ఉంది? హిరణ్యకశిపుడి వరం చూడండి. ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు. చదివేవాడికి ముందే అన్నీ చెప్పేసి, ఆ కంచెలోంచే దారి తీశారు.

మామయ్య: మంచి ఉదాహరణలు తెచ్చావు. అవి నా పక్షానే మాట్లాడతాయి. భేతాళుడి షరతు విక్రమార్కుణ్ణి కట్టేస్తుంది. హిరణ్యకశిపుడి వరమే అతని ఉరి అవుతుంది. మన పాత కథలో నియమం మనిషి గర్వానికి పెట్టిన హద్దు. ఈ కొత్త నవలల్లో నియమం నేర్చుకున్నవాడికి హోదా పెరుగుతుంది. పరీక్ష పాసయ్యాడు, ప్రమోషన్ వచ్చింది. మాయ మనిషిని లొంగదీయాలి గాని, ఊరికే అతనికి ఊడిగం చేస్తే ఏం ప్రయోజనం?

మేనకోడలు: అది నాసిరకం పుస్తకాలకు సరిపోతుంది. శాండర్సన్ కథానాయకుడు కలాదిన్‌కు కూడా పూర్తిగా సరిపోదు. ఎన్ని శక్తులొచ్చినా అతని మనోవ్యాధి అతణ్ణి వదలదు. ఎన్.కె. జెమిసిన్ ‘ది ఫిఫ్త్ సీజన్’కు అసలు సరిపోదు. 2015లో వచ్చింది. దానితో మొదలైన మూడు భాగాలకూ 2016, 2017, 2018లో వరసగా హ్యూగో బహుమతి వచ్చింది. అంతకుముందు ఎవరికీ అలా రాలేదు.

మామయ్య: బహుమతులు పక్కన పెట్టు. పుస్తకం మాట చెప్పు.

మేనకోడలు: భూకంపాల్ని లేపగల, అణచగల మనుషులున్న లోకం అది. వాళ్లు లేకపోతే నగరాలు కూలిపోతాయి, అయినా వాళ్లంటే అందరికీ అసహ్యం. చిన్నప్పుడే పట్టుకెళ్లి, చేతులు విరిచి, విధేయత నేర్పుతారు. కొందరు పిల్లల్ని కుర్చీలకు కట్టేసి, బుద్ధి చంపేసి, నేలను కదలకుండా పట్టే యంత్రాల్లా వాడతారు. ఆ గది తలుపు తెరిచే పేజీ దగ్గర నేను పుస్తకం మూసి లేచి వెళ్లిపోయాను, మళ్లీ వచ్చి చదివాను. అక్కడ నియమం శక్తికి ధర చెబుతుంది. ఆ ధర కట్టేది ఎవరో చూపిస్తుంది. మన మాచ్‌ఖండ్ విద్యుత్తు 1955లో మొదలైంది. ఆ దీపాలు ఎవరి ఇళ్లలో వెలిగాయి, జలాపుట్ నీళ్ల కింద ఎవరి పొలాలు మునిగాయి అని కొరాపుట్‌లో చదివేవాళ్లకు ఆ పేజీ దగ్గర తట్టకుండా ఉండదు.

మామయ్య: ఆ పుస్తకం గొప్పదే. నేనూ కాదనను. ఆ భూమి తండ్రి కోపం చదువుతుంటే మన కోందులు ధరణి పేను అని కొలిచే భూదేవి గుర్తొచ్చింది. కానీ మూడు భాగాలూ చదివాక నా గుండెలో తడి మిగల్లేదమ్మా. కోపం సత్యమైనదే, కానీ మనిషి కోపం ఒక్కదాని మీద బతకడు. నీకు తెలుసు, నాకు ఈ మధ్య నవలల్లో నచ్చింది సుజానా క్లార్క్ ‘పిరనేసి’ ఒక్కటే. 2020లో వచ్చింది, మూడు వందల పేజీలు కూడా లేదు. అంతులేని గదులు, శిల్పాలు, కింది అంతస్తుల్లోకి పొంగే సముద్రం, అందులో ఒక మనిషి. యుద్ధం లేదు, పట్టికలు లేవు. ఆ మనిషి పక్షులకు గౌరవం ఇస్తాడు, ఎవరివో తెలియని ఎముకలకు నీళ్లూ పూలూ పెడతాడు. ఆ ఇల్లు తనను కాపాడుతుందని నమ్ముతాడు. ఆశ్చర్యం అంటే అది. భక్తికి అది పొరుగిల్లు.

మేనకోడలు: నాకూ ప్రాణమైన పుస్తకం. కానీ మీరు దాన్ని ఒక కన్నుతో చదివారు. ఆ మనిషి అక్కడ బందీ. అతణ్ణి ఆ లోకంలోకి నెట్టినవాడు జ్ఞానం కోసం, శక్తి కోసం ఇంకొకరి బతుకు వాడుకున్న పండితుడు. బందీ అయినవాడు ఆ ఇంటిని ప్రేమించాడు, స్వేచ్ఛగా వచ్చిపోయేవాడు దాన్ని గనిలా చూశాడు. క్లార్క్ నెమ్మదిగా చెప్పింది, జెమిసిన్ గొంతెత్తి చెప్పింది. చెప్పిన విషయం ఒక్కటే.

మామయ్య: నెమ్మదిగా చెప్పడం చిన్న తేడా కాదు. క్లార్క్ నన్ను ముందు ఆ ఇంట్లో కాపురం పెట్టించింది. నేను దాన్ని ప్రేమించాక, దాన్ని దోచుకునేవాణ్ణి చూపించింది. అందుకే నాకు నొప్పి పుట్టింది. అన్యాయం గురించి చెప్పేవాళ్లు ముందు ఆ అన్యాయం దేన్ని పాడుచేసిందో చూపించాలి. ఆర్.ఎఫ్. క్వాంగ్ ‘బాబెల్’లో నాకు దొరకనిది అదే. 2022 నవల. వెండి కడ్డీల మీద మాటలు చెక్కి లండన్ నగరాన్ని నడిపిస్తారు, ఆ మాటల కోసం కాంటన్ నుంచీ కలకత్తా నుంచీ పిల్లల్ని ఆక్స్‌ఫర్డ్‌కు తెచ్చి పెంచుతారు. ఎంత గొప్ప ఊహ! కానీ ప్రతి పేజీలో రచయిత్రి నా పక్కన నిలబడి ఇది తప్పు, ఇది దోపిడీ అని వేలు పెట్టి చూపిస్తూనే ఉంటుంది. దోపిడీ అని నాకు తెలియదా? నేను జయపురం సంస్థానం మట్టిలో పుట్టినవాణ్ణి.

మేనకోడలు: మీకు తెలుసు. నా క్లాసులో సగం మందికి తెలియదు. వాళ్లలో ఒకమ్మాయి ‘బాబెల్’ చదివి, మన కొండల్లోంచి బాక్సైట్ ఎక్కడికి పోతుంది మేడం అని అడిగింది. బాక్సైట్ కర్మాగారమున్న దమన్‌జోడి ఇక్కణ్ణుంచి ఎంత దూరం! ఆ ప్రశ్న పుట్టించిన పుస్తకానికి నేను కొంచెం ఉపన్యాసం క్షమిస్తాను. అయినా మీరన్నది కొంత నిజం. అందులో చెడ్డవాళ్లు మరీ సులువుగా చెడ్డవాళ్లు. పాఠకుడు తేల్చుకోవడానికి ఏమీ మిగల్చదు.

మామయ్య: ఇక ఆ డ్రాగన్ల సంగతి. రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’. ఆ వరసలో మూడోది ‘ఆనిక్స్ స్టార్మ్’ 2025 జనవరిలో వచ్చి, మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడైందని పత్రికల్లో చదివాను. అంతమంది చదివారంటే గౌరవించాలి. గౌరవంతోనే చదివాను. డ్రాగన్ అంటే మనిషి ఊహకు అందని ప్రాణి కావాలి. ఇక్కడ అది వాహనం, పైగా ప్రేమికుల మధ్య పెద్దమనిషి. యుద్ధం వెనకాల తెరలా వేలాడుతుంది. ఊళ్లు తగలబడుతుంటే నాయికా నాయకులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటారు.

మేనకోడలు: దాన్ని పూర్తిగా కొట్టెయ్యకండి. నాయిక వయొలెట్ కీళ్లు ఊరికే జారిపోతాయి, ఎముకలు తేలిగ్గా విరుగుతాయి. రచయిత్రి తన శరీరంలో ఉన్న జబ్బునే ఆమెకు ఇచ్చింది. నొప్పితోనే మెట్లు ఎక్కుతుంది, జీనుకు పట్టీలు కట్టుకుని డ్రాగన్ మీద కూర్చుంటుంది. మన వీరుల కథల్లో నొప్పి మాత్ర వేసుకుని యుద్ధానికి వెళ్లిన ఆడపిల్ల ఎక్కడుంది? ఆ ఒక్క విషయం కోసమే ఆ నవలను ప్రేమించే పిల్లలు నాకు తెలుసు.

మామయ్య: ఆ మాట నేను గమనించలేదు కాదు. అది ఆ పుస్తకంలో నిజమైన భాగం. తక్కినదంతా దానికి తగినట్టు లేదనే నా బాధ.

మేనకోడలు: అక్కడ మీతోనే ఉంటాను. ఆ లోకం ఇంకా కట్టని ఊరిలా ఉంది. ముందు గదులు అలంకరించారు, వెనక వీధులు లేవు. ఆ సైనిక కళాశాలకు తిండి పండించేవాళ్లు ఎవరో మూడు పుస్తకాలు తిరగేసినా సరిగా తెలియదు.

మామయ్య: మన పురాణాల్ని తిరగరాసేవాళ్ల మీద నీ అభిప్రాయం చెప్పు. వైష్ణవి పటేల్ ‘కైకేయి’ని నువ్వు మెచ్చుకుంటూ ఇచ్చావు.

మేనకోడలు: ఇచ్చాను. మొదటి సగం బాగుంది. కైకేయికి మనుషుల మధ్య బంధాలు దారాల్లా కనిపించే శక్తి ఇచ్చింది. అంతఃపురంలో ఒక స్త్రీ ఎలా నెగ్గుకొస్తుందో చెప్పడానికి అందమైన ఊహ. తర్వాత ఆ శక్తే కథకు అడ్డమైంది. ఆమె తెలివితో, ఓర్పుతో సాధించాల్సిన పనులన్నీ దారం లాగితే అయిపోయాయి. వోల్గా ‘విముక్త’ చూడండి. సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఏ మాయా లేదు. మాటలు మాత్రమే ఉన్నాయి. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. తిరగరాయడానికి ధైర్యం చాలు, మాయ అక్కర్లేదని అది రుజువు చేసింది.

మామయ్య: అక్కడ ఇద్దరం ఒకటే. ఇప్పుడు మన ఇంటి సంగతికి రా. నన్ను చదివించింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. చందమామలో పన్నెండు సీరియళ్లు రాశారు. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం... ఆ సీరియళ్ల కింద ఆయన పేరు కూడా వేసేవారు కాదు. చిత్ర గారి బొమ్మలు చూసి నెలంతా ఎదురుచూసేవాళ్లం. మా పక్కింటి ఒడియా పిల్లలు అదే పత్రికను ‘జహ్నమామూ’ పేరుతో చదివేవాళ్లు. సంస్కృత సమాసాలు లేని శుభ్రమైన తెలుగు, పరుగెత్తే కథ, చివరికి మంచి గెలుస్తుంది. ఇన్ని బహుమతుల నవలల్లో ఆ హాయి నాకు దొరకడం లేదు.

మేనకోడలు: ఆ తెలుగుకు నేనూ దండం పెడతాను. కానీ ఆ అడవిని ఒక్కసారి చూడండి. మన అద్భుత కథల్లో అడవి అంటే రాక్షసులు, నరభక్షకులు, బలి ఇచ్చే పూజారులు. ఊరి కుర్రాడు లోపలికి వెళ్లి, వాళ్లను జయించి, నిధి తెచ్చుకుంటాడు. పురాణాల్లో ఆ అడవి పేరు దండకారణ్యం. మనం ఉంటున్నది అదే. విశాఖలో కూర్చుని చదివేవాడికి అది వింత ప్రదేశం. మన సంతకు పసుపు, చింతపండు తెచ్చే కోందు స్త్రీకి అది ఇల్లు. ఆమె ఇంటిని రాకాసిలోయ చేసి కథ చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది.

మామయ్య: దాసరి గారి మీద ఆ మాట మోపకు. శిథిలాలయంలో కథానాయకుడు శిఖిముఖి ఎవరు? శబర కుర్రాడు. రాజకుమారుడు కాదు, చక్రవర్తి వంశంలో పోయి దొరికిన బిడ్డా కాదు. అడవి మనిషిని వీరుడిగా నిలబెట్టి లక్షల మంది పిల్లల చేత ప్రేమింపజేశాడు. గుణుపురం నుంచి పుట్టాసింగి దాకా ఉన్న శబరుల్ని చిన్నచూపు చూడడం నాకు రాలేదంటే, అందులో శిఖిముఖికి భాగముంది.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. అది గొప్ప విషయమే, దాన్ని మన విమర్శకులు గట్టిగా చెప్పాల్సింది. కానీ శిఖిముఖి ఏ భాషలో కలగంటాడు? వాళ్ల ఊళ్లో చనిపోయినవాళ్లతో ఎలా మాట్లాడతారు? ఆ కథలో నాకు తెలియలేదు. పేరు శబరుడిది, లోపలి మనిషి మన ఊరివాడు. వజ్ర చంద్రశేఖర అనే శ్రీలంక రచయిత 2023లో ‘ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ రాశాడు, నెబ్యులా బహుమతి వచ్చింది. మహాపురుషుడైన తండ్రిని చంపడానికి తల్లి పెంచిన కొడుకు, ఆ పని మానేసి నగరానికొచ్చి, తనలాగే విధి తప్పినవాళ్ల మధ్య బతుకుతాడు. ఆ దేశపు బౌద్ధం, ఆ దేశపు అల్లర్లు, శిబిరాలు అన్నీ అందులో ఉన్నాయి. తన ఇంటి గురించి తానే రాశాడు. అందుకే అతని అద్భుతం గాలిలో తేలదు.

మామయ్య: అయితే మనమూ రాద్దాం. నా మనసులో మాట చెబుతున్నా. నియమగిరి మీద తెలుగులో ఒక ఫాంటసీ నవల రావాలి. కొండే రాజు. దొంగ్రియా కోందులు నియమరాజు అని కొలిచే దేవుడు. ఆ కొండను తవ్వడానికి మనుషులొస్తారు. ఇంతకంటే పెద్ద కథ జెమిసిన్‌కు దొరికిందా?

మేనకోడలు: అది కథ కాదు మావయ్యా. అది సాక్ష్యం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద గిరిజనుల మత హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని తీర్పు చెప్పింది. మన రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ గనికి వద్దన్నాయి. మా రాజు ఇక్కడున్నాడు అని వాళ్లు న్యాయమూర్తి ఎదుట నిలబడి చెప్పారు. ఆ మాటకు చట్టంలో బరువు దొరికింది. రేపు అదే నియమరాజును నవల అట్ట మీద డ్రాగన్ పక్కన కూర్చోబెడితే, అంతా కల్పనే కదా అనడానికి మనమే దారి వేసినట్టు. శాలువా సంగతి చూడండి. దొంగ్రియాలు కుట్టే కపడాగండాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంకొకరు ఆ పేరుతో అమ్మడానికి వీల్లేదు. వాళ్ల దేవుడికి, కథకు అలాంటి కాపలా ఏముంది?

మామయ్య: కల్పన వాళ్లకు చెరుపే చేసిందా? 2010లో నియమగిరి కోసం పోరాడేవాళ్లు ‘అవతార్’ సినిమా తీసిన జేమ్స్ కామెరాన్‌కు అమెరికా సినిమా పత్రికలో ప్రకటన ఇచ్చి, ఆ కథ ఇక్కడ నిజంగా జరుగుతోంది, సాయం చేయండి అని అడిగారు. ప్రపంచం తల తిప్పి చూసింది. ఆ ఏడాది ఆగస్టులోనే పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. సినిమా వల్లే ఆగిందని నేననను. కానీ ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాడికి ఈ కొండ బాధ అర్థం కావడానికి ఒక కల్పిత లోకం భాష ఇచ్చింది.

మేనకోడలు: ఇచ్చింది. కానీ నాకు అందులో బాధే కనిపిస్తుంది. సొంత ఇల్లు కాపాడుకోవడానికి నీలం రంగు మనుషుల్ని పోలి ఉన్నామని చెప్పుకోవాల్సి వచ్చింది.

మామయ్య: ఇల్లు కాపాడుకునేవాడు చేతికందిన ఏ ఆయుధమైనా పట్టుకుంటాడు. అందులో వాళ్లకు చిన్నతనం లేదు, చూసేవాళ్లకు ఉండాలి. ఇంకో మాట విను. గోపీనాథ్ మహంతి కోందుడు కాదు. ప్రభుత్వోద్యోగిగా కొరాపుట్ కొండల్లో తిరిగాడు. పరజల మీద 1945లో ‘పరజా’, కోందుల మీద ‘అమృతర సంతాన’ రాశాడు. 1955లో ఒడియాలో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. నీ లెక్కన ఆయన రాయకూడదా? ఆ పుస్తకాలు లేకపోతే మనకు ఎంత లోటు?

మేనకోడలు: రాయాలి, రాశాడు, ఆయనకు నమస్కారం. కానీ ఆయన నవల్లో కోందుల దేవుళ్లు కోందుల దేవుళ్లే. ఆయన వాళ్లను తన కథకు ఆయుధాలుగా వాడుకోలేదు. వాస్తవం రాసేవాడు చూసినదానికి కట్టుబడాలి. ఫాంటసీ రాసేవాడు తానే సృష్టికర్తనంటాడు. ఎవరో ఇవాళ పూజ చేస్తున్న దేవుడికి ఇంకొకడు సృష్టికర్త ఎలా అవుతాడు?

మామయ్య: ఈ మాటకు నాకు జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. నిత్యపూజ జరిగే దేవుణ్ణి ముడిసరుకు చేయకూడదు. కానీ దూరంగా నిలబడడమే మర్యాద అంటే మాత్రం ఒప్పుకోను. గిడుగు రామమూర్తి గారిని తలుచుకో. పర్లాకిమిడిలో ఉండి, మనం శబరులనే సవరల్ని ఇంటికి పిలిచి, వాళ్ల దగ్గర శిష్యుడిలా కూర్చుని భాష నేర్చుకున్నాడు. 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చాడు. వాళ్ల పిల్లలకు బళ్లు పెట్టించాడు. ఒక తెలుగువాడు కొండకు ఎలా వెళ్లాలో ఆయన చూపించాడు. అలా బతుకు వెచ్చించినవాడికి కలగనే హక్కు కూడా వస్తుంది.

మేనకోడలు: అలా వెచ్చించినవాడు రాస్తే ముందు నేనే కొంటాను. అతనికి కూడా ఒక్క మాట చెబుతాను. వాళ్లు రాసినదాన్ని పక్కకు నెట్టి మీది ముందుకు రాకూడదు. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపి చేశాడు. మనం వాళ్ల గొంతు అవుతామని పోటీ పడనక్కర్లేదు, వాళ్లకు గొంతుంది. నా క్లాసులో కువి మాట్లాడే పిల్లలున్నారు. తెలుగుకు చుట్టమైన భాష అది. వాళ్లు జెమిసిన్‌ను ఇంగ్లీషులో కష్టపడి చదువుతున్నారు. ఏదో ఒకనాడు వాళ్లలో ఎవరో ఒకరు రాస్తారు. ఆ పుస్తకాన్ని తెలుగులోకి తేవడం మన పని.

మామయ్య: అంతవరకు మన తెలుగు కుర్రాడు ఏం రాయాలి? చేతులు కట్టుకోమంటావా?

మేనకోడలు: తన కథ రాయాలి. మన తాతలు ఘాటీ ఎక్కి ఈ ఊళ్లకు ఎందుకొచ్చారు? కొందరు గుమాస్తాలుగా, కొందరు పంతుళ్లుగా, కొందరు ఉప్పూ బట్టా అమ్ముకోవడానికి, వడ్డీకి ఇవ్వడానికి. ఎవరి భూమి ఎవరి పద్దులోకి ఎలా మారింది? కాగితం మీద గీసిన గీత ఒక కుటుంబాన్ని తరాల తరబడి వెట్టికి కట్టేయడం కంటే బలమైన మంత్రం ఏ మాంత్రికుడికి తెలుసు? ఆ మంత్రం మన చేతుల్లోనే ఉండేది. తెలుగువాడు రాసే కొరాపుట్ ఫాంటసీలో మాంత్రికుడు కొండ మీది గుహలో కాదు, మైదానం నుంచి వచ్చినవాడి అంగట్లో ఉండాలి. అది రాసే ధైర్యం వస్తే మన అద్భుత సాహిత్యం జెమిసిన్ పక్కన నిలబడుతుంది.

మామయ్య: అందరు తెలుగువాళ్లూ వడ్డీ వ్యాపారులు కారు. ఇక్కడి బడుల్లో అ ఆలు దిద్దించి, ఇక్కడి మట్టిలోనే కలిసినవాళ్లూ ఉన్నారు. కాగితం మంత్రంతో పాటు అక్షరం మంత్రం కూడా ఆ నవల్లో ఉండాలి. మంచీ చెడూ ఒకే ఇంట్లో పుట్టాయని చెప్పాలి. లేకపోతే ‘బాబెల్’లాగే సులువైన చెడ్డవాళ్లతో నిండిపోతుంది.

మేనకోడలు: ఆ హెచ్చరిక అవసరమే. రాసేవాళ్లకు చెబుతాను.

మామయ్య: నా వంతు కోరిక కూడా చెప్పు. అది దాసరి గారి తెలుగులో ఉండాలి. పన్నెండేళ్ల పిల్ల చేతికి ఇవ్వగలిగేలా ఉండాలి. ఒక్క పుస్తకంలో ముగియాలి. సత్యం ఎంత చేదైనా సరే, చదివిన పిల్లకు రేపటి మీద ఆశ మిగలాలి. ఆశ ఇవ్వలేని అద్భుతం నాకు అక్కర్లేదు.

మేనకోడలు: ఆశ ఉండాలి, కానీ అది ఎవరి ఆశో అడగడం నేను మాననుగాక మానను. గెలిచిన కుర్రాడు నిధితో ఊరికి తిరిగొచ్చే ముగింపు మన పిల్లకు ఆశ. ఆ నిధి పోయిన ఊళ్లో కూడా ఒక పిల్ల ఉంటుంది, ఆమె కూడా ఆ పుస్తకం చదువుతుంది. ఆ ఇద్దరు పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఇద్దరూ తలెత్తుకుని చదవగలిగిన నవలే మంచి ఫాంటసీ నవల. రాయగడలో, కొరాపుట్‌లో ఆ ఇద్దరూ నిజంగానే ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఆ బెంచీకి తగిన పుస్తకం ఇంకా తెలుగులో రావాల్సి ఉంది.